సైనిక యూనిఫాం, హోదా చిహ్నాలు (భారతదేశం)

భారత సైనిక, నౌకా, వైమానిక దళాల దుస్తులు, హోదా చిహ్నాలు, పతకాలను ఎవరు, ఎప్పుడు, ఎలా ధరించాలో నిర్దేశించే చట్టాలు, దళాల నియమాలు, మర్యాదలు.

హోదా చిహ్నాలు: 1950 జనవరి 26 నుంచి భుజాలపై బ్రిటిష్ కిరీటం స్థానంలో అశోక స్తంభపు సింహాలు వచ్చాయి. సైన్యంలో లెఫ్టినెంట్‌కు రెండు నక్షత్రాలు, కెప్టెన్‌కు మూడు, మేజర్‌కు సింహాల చిహ్నం ఉంటాయి. సింహాల కింద ఒక నక్షత్రం ఉంటే లెఫ్టినెంట్ కల్నల్, రెండుంటే కల్నల్, మూడుంటే బ్రిగేడియర్. బ్రిగేడియర్, అంతకు పై అధికారులకు 2023 ఆగస్టు 1 నుంచి రెజిమెంట్ భేదం లేని ఒకే యూనిఫాం అమలైంది.

మర్యాదలు: పతకాలు ఎడమ రొమ్ముపై, అత్యున్నతమైనది ఛాతీ మధ్యకు దగ్గరగా వచ్చేలా పెట్టుకోవాలి. మరణించిన సైనికుడి పతకాలను కుటుంబసభ్యులు యుద్ధ స్మారకాల వద్ద జరిగే నివాళి కార్యక్రమాల్లో కుడి రొమ్ముపై ధరించవచ్చు. పతకం ఎవరు గెలిచారో చూడగానే తెలియడానికే ఈ తేడా.

చట్టం: సైనికుడు కానివాడు, సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో అలాంటి దుస్తులు, చిహ్నాలు ధరిస్తే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ ప్రకారం మూడు నెలల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పాత శిక్షాస్మృతి 140వ సెక్షన్‌లో జరిమానా 500 రూపాయలే. నేరానికి ఉద్దేశమే కీలకం కాబట్టి నాటకంలో, సినిమాలో సైనిక వేషం వేసిన నటుడికి ఈ సెక్షన్ వర్తించదు. నిషిద్ధ ప్రాంతంలోకి చొరబడేందుకు అనుమతి లేకుండా యూనిఫాం వాడితే 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద శిక్ష మరింత కఠినం.