అండమాను విమానం – బరువుల లెక్క

మన సంఘం సమావేశంలో టీ ఇచ్చే సమయానికి ఒక మిత్రుడు లేచి, "కాశీ అయిపాయె, రామేశ్వరం అయిపాయె, షిరిడీ రెండు మార్లు అయిపాయె. ఈ తూరి అండమాన్‌కు పోదాం. అక్కడ సముద్రం లోపలే నేషనల్ పార్కు ఉందంట" అన్నారు. వెనక వరుసలో నుంచి మరొక పెద్దాయన, "ఒకప్పుడు సర్కారే ఉచితంగా పంపించేది, ఇప్పుడు మనం డబ్బులు కట్టి పోవాల్నా?" అనేసరికి అందరూ నవ్వారు. నవ్వు తగ్గాక ఏర్పాట్ల భారం నా మీద పడింది. సర్వీసంతా మంగంపేట గనుల కాటా దగ్గర గడిపినవాణ్ణి కాబట్టి లెక్కలు సరిగ్గా చూస్తానని వారి నమ్మకం. ఆ నమ్మకం ఎంతవరకు నిలిచిందో చివర చెబుతాను.

ప్రత్యేక సంచికకు యాత్రా విశేషాలు రాయమన్నారు. కానీ టిక్కెట్ల కోసం వివరాలు వెతుకుతూ పోగా, ఆ దీవులకు దారి ఎట్లా ఏర్పడిందన్న చరిత్రే నన్ను ఎక్కువగా పట్టుకుంది. అందుచేత ముందు అదే మనవి చేస్తున్నాను.

మన ముగ్గురాయికి విలువ దాని బరువు వల్లనే అని మీకు వేరే చెప్పనక్కరలేదు. నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువు ఉంటుంది కాబట్టే చమురు బావులు తవ్వేవాళ్లు దాని పొడి కొంటారు. విమానం సంగతి దీనికి పూర్తిగా తలక్రిందులు. అక్కడ ప్రతి కిలో శత్రువే. అందులోనూ చుట్టూ సముద్రం తప్ప మరేమీ లేని దీవికి పోయే విమానానికి ఈ లెక్క మరీ గట్టిది. మదరాసు నుంచి హైదరాబాదుకు పోయే విమానం అక్కడ దిగలేకపోతే బెంగుళూరుకో విజయవాడకో మళ్లుతుంది. దీవి దగ్గర దిగలేకపోతే? దరిదాపుల్లో వేరే విమానాశ్రయం లేని దీవికి వెళ్లేటప్పుడు, అక్కడికి చేరాక కూడా రెండు గంటలపాటు ఎగరగలిగే ఇంధనం మిగిలి ఉండాలన్నది అంతర్జాతీయంగా ఉన్న నియమం. లేకుంటే వెనక్కి తిరిగి రావడానికి సరిపడా ఉండాలి. ఆ ఇంధనం బరువు కూడా ఆ విమానమే మోయాలి. ఇంధనం పెరిగితే మనుషులనో సామానునో తగ్గించుకోవాలి. లారీ ఖాళీ బరువు తీసేసి సరుకు బరువు కట్టినట్టే ఈ లెక్క కూడా.

మదరాసు నుంచి పోర్టు బ్లెయిరుకు ఆకాశమార్గాన సుమారు 1,370 కిలోమీటర్లు. ఓడలో అయితే మూడు రోజుల ప్రయాణం. మన తెలుగువాళ్లు మొదట పోయింది ఓడలోనే, అదీ సంకెళ్లతో. 1858 మార్చిలో డాక్టర్ వాకర్ రెండు వందల మంది ఖైదీలతో అక్కడ దిగాడు. సెల్యులర్ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో ముగిసింది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరకు ఉరిశిక్ష యావజ్జీవంగా మారి, ఆయన్ను అండమానుకు పంపారు. 1937లో విడుదలై వచ్చారు. 1952 ఎన్నికల్లో గెలిచి లోక్‌సభలో కూర్చున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వేలాది మంది పని వెతుక్కుంటూ వెళ్లి అక్కడే నిలిచిపోయారు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో వందకు సుమారు 13 మంది మాతృభాష తెలుగు. పోర్టు బ్లెయిరు బజారులో మనం కూరగాయల బేరం తెలుగులోనే ఆడవచ్చు. అయితే మన యాసకు వాళ్లు, వాళ్ల యాసకు మనం కాస్త చెవి సవరించుకోవాలి.

ఇక విమానం సంగతి. అక్కడ రన్‌వే ఎవరి కోసం ఏర్పడిందో తెలిసినప్పుడు నాకు కొంత కష్టంగా తోచింది. 1942 మార్చి 23న జపాను సేనలు పోర్టు బ్లెయిరును పట్టుకున్నాయి. లంబా లైన్ అనే చోట విమానాలు దిగడానికి నేలను చదును చేయించారు. చేసింది స్థానికులు. ఖైదీలుగా వచ్చి స్థిరపడినవారు, వారి పిల్లలు, చిన్న ఉద్యోగులు, పిల్లల బళ్లో పాఠం చెప్పేవారు. కూలి అడిగే వీలు లేదు, పని మానే వీలు లేదు. తిండి గింజలు వచ్చే ఓడలను బ్రిటిషువారు ముంచేస్తుంటే, ఆకలితోనే మట్టి మోశారు.

1943 డిసెంబరు 29న సుభాష్ చంద్రబోస్ విమానంలో వచ్చి దిగింది అక్కడే. మరునాడు జింఖానా మైదానంలో త్రివర్ణ పతాకం ఎగురవేశారు. ఈ సంగతి మనం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. అదే రోజుల్లో సెల్యులర్ జైలులో గూఢచారులన్న అనుమానంతో జపానువారు స్థానికులను చిత్రహింసలు పెడుతున్నారన్నది మాత్రం మన పుస్తకాల్లో లేదు. ఇండియన్ ఇండిపెండెన్స్ లీగు స్థానిక శాఖకు అధ్యక్షుడుగా ఉన్న డాక్టర్ దివాన్ సింగ్ ఆ హింసతోనే 1944 జనవరి 14న చనిపోయారు. జనవరి 30న హంఫ్రీగంజ్ దగ్గర 44 మందిని కాల్చి ఒకే గోతిలో పూడ్చారు. అక్కడ ఇప్పుడు స్మారకం ఉంది. యాత్రికుల బస్సులు మామూలుగా అక్కడ ఆగవు. మనం అడిగితే ఆపుతారు.

యుద్ధం కోసం వేసిన రన్‌వే మీద తరవాత యాత్రికులు దిగడం లోకంలో ఇదొక్కచోటే కాదు. పసిఫిక్ మహాసముద్రంలో తాబేళ్లకు పేరుబడ్డ గాలాపగోస్ దీవుల్లో బాల్ట్రా విమానాశ్రయం అదే యుద్ధకాలంలో అమెరికా సైన్యం వేసుకున్నది. అక్కడ నేషనల్ పార్కు ఏర్పడింది 1959లో. రెండుచోట్లా ముందు సైన్యం, తరవాత పార్కు, దాని వెనక మనబోటి వాళ్లం.

1960లలో కలకత్తా నుంచి పోర్టు బ్లెయిరుకు పోయే విమానం మధ్యలో రంగూన్‌లో దిగి పోయేది. తరవాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 737లు కలకత్తా, మదరాసుల నుంచి నేరుగా నడిచాయి. వారానికి కొన్ని రోజులే ఉండేవి. రన్‌వే పొట్టిది కావడంతో నిండు బరువుతో లేవడానికి వీలయ్యేది కాదు. డబ్బు ఉన్నా, సీటు ఖాళీగా కనబడుతున్నా, మనిషిని ఎక్కించుకోలేని పరిస్థితి. కాటా దగ్గర అధిక లోడు లారీని పక్కన నిలబెట్టినప్పుడు డ్రైవరు మన మీద ఎగిరేవాడు కదా, అక్కడి కౌంటరు గుమాస్తాల అవస్థ నాకు బాగా అర్థమైంది. రన్‌వేను పొడిగించి ఇప్పుడు 3,290 మీటర్లు చేశారు. పెద్ద విమానాలు వస్తున్నాయి. 2023 జూలైలో శంఖం ఆకారంలో కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. 2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురం అయింది. పాత అలవాటు కొద్దీ నేను పోర్టు బ్లెయిరు అనే రాస్తున్నాను, మన్నించాలి.

రన్‌వే పెరిగింది గాని కొండ కదలలేదు. ఒక చివర కొండ అడ్డం ఉన్నందువల్ల విమానాలు రెండో వైపు నుంచే దిగి, ఆ వైపుకే ఎగరాలి. గాలి ఎటు వీచినా అంతే. పైగా అది నౌకాదళం వారి స్థావరం. మధ్యాహ్నం దాటితే గాలి ఉరవడి పెరుగుతుంది. అందువల్ల చాలాకాలంగా ప్రయాణికుల విమానాలు ఎక్కువగా ఉదయం నుంచి మధ్యాహ్నం లోపే నడుస్తూ వచ్చాయి. ఇంకొక సంగతి. ఆ దీవులు మనకు బాగా తూర్పున ఉన్నా గడియారం మనదే. చలికాలంలో సాయంత్రం 5 గంటలకే చీకటి పడుతుంది. వండూరు పడవలు ఉదయమే బయలుదేరతాయి. మధ్యాహ్నం దిగినవాళ్లకు ఆరోజు పార్కు లేనట్టే.

వండూరు పోర్టు బ్లెయిరుకు 29 కిలోమీటర్లు. మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కు 1983 మే 24న ఏర్పడింది. 281 చదరపు కిలోమీటర్ల పైచిలుకు విస్తీర్ణం, 15 దీవులు. యాత్రికులను పోనిచ్చేది రెండింటికే, అవీ వంతులవారీగా. నవంబరు మధ్య నుంచి మే మధ్య దాకా జాలీ బాయ్, తక్కిన కాలంలో రెడ్ స్కిన్. ఒకటి తెరిస్తే రెండోదానికి విశ్రాంతి. మనకు లేటు వయసులో దొరికిన విశ్రాంతి దానికి ప్రతి ఏటా దొరుకుతుంది. సోమవారం సెలవు. అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. నీటి లోపలి పగడాలు రాళ్లలా కనబడతాయి గాని ప్రాణులు. సముద్రం కాస్త ఎక్కువ వేడెక్కితే తెల్లబడిపోతాయి. 1998లోను, 2010లోను అక్కడ అట్లా విస్తారంగా తెల్లబడ్డాయి.

దక్షిణాన ఇంకా దూరంలో గ్రేట్ నికోబారు ఉంది. 1969 నుంచి మాజీ సైనికుల కుటుంబాలను అక్కడ స్థిరపరిచారు. 1989లో జీవావరణ కేంద్రంగా ప్రకటించారు. 1992లో క్యాంప్‌బెల్ బే, గలాథియా అనే రెండు నేషనల్ పార్కులు ఏర్పడ్డాయి. 2004 డిసెంబరు 26 సునామీలో ఆ దీవి కొస నాలుగు మీటర్లకు పైగా కుంగింది. అదే రోజు కార్ నికోబారు వైమానిక స్థావరంలో సిబ్బంది, వారి కుటుంబాలవారు కలిపి 116 మంది చనిపోయారు. గ్రేట్ నికోబారులో ఇప్పుడు ఓడరేవు, పట్టణం, పెద్ద విమానాశ్రయం కట్టే పథకానికి 2022 నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. అప్పటి అంచనా సుమారు 72,000 కోట్ల రూపాయలు. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి దానికి పోతుంది. పెద్ద సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే గలాథియా తీరానికి ఉన్న అభయారణ్యం హోదాను 2021లోనే తీసేశారు. షోంపెన్‌లు, నికోబారీలు అక్కడ తరతరాలుగా ఉన్నారు. దేశరక్షణకు కావాలంటారు ఒకరు, అడవి తిరిగి రాదంటారు మరొకరు. గని వచ్చింది కాబట్టే మన పిల్లలు చదువుకున్నారు. గని వచ్చింది కాబట్టే పేలుడు పరిధిలోని పల్లెలు కదలవలసి వచ్చింది. ఈ రెండూ నా కళ్లతో చూసినవాణ్ణి గనుక తీర్పు చెప్పడానికి నోరు రాదు. అయితే, కదలవలసిన ఊరివాణ్ణి ముందు అడగాలన్న మాట మాత్రం అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఇక నా లెక్క ఎక్కడ తప్పిందో చెప్పాలి. నవంబరు చివరలో పద్నాలుగు మందిమి కోడూరులో రైలెక్కి మదరాసు చేరాం. శనివారం విమానం, ఆదివారం వండూరు, సోమవారం జైలు, మంగళవారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. కాగితం మీద ముచ్చటగా ఉంది. శనివారం విమానం ద్వీపం మీదకు పోయింది, మబ్బుల్లో చాలాసేపు తిరిగింది, దిగలేక మళ్లీ మదరాసుకే వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్న ఒక సభ్యుని భార్య, "ఊరు కనబడె, మళ్లా మాయమాయె" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆదివారం మధ్యాహ్నానికి అక్కడ దిగాం. సోమవారం పార్కుకు సెలవు. మంగళవారం తిరుగు టిక్కెట్టు. విమానానికి రెండు గంటల అదనపు ఇంధనం మోయిస్తారని చదివి అందరికీ చెప్పిన నేను, మనకు ఒక్క రోజు అదనంగా పెట్టలేదు. విమాన సంస్థదీ మబ్బుదీ తప్పు కాదు, ఆ తప్పు నాది. సభ్యులు ఒక్క మాట అనలేదు. అనివుంటే బాగుండేది.

పార్కు చూద్దామని మొదట లేచిన మిత్రునికి కంటిచూపు ఏడాదిగా తగ్గుతూ వస్తోంది. మరుసటి ఏటికి వాయిదా వేద్దామని ఆయనతో అనలేకపోయాను. పన్నెండు మందిని మంగళవారం విమానం ఎక్కించి, మా ఇద్దరి టిక్కెట్లు గురువారానికి మార్పించాను. తేడా సొమ్ము ఇద్దరం పంచుకున్నాం.

బుధవారం తెల్లవారుజామున వండూరు రేవులో నిలబడ్డాం. ప్లాస్టిక్ సంచులు లోపలికి పోనివ్వరు. నీళ్ల సీసా తీసుకుపోతే దానికి డబ్బు డిపాజిట్ కట్టించుకుని, తిరిగి వచ్చాక ఖాళీ సీసా చూపితే ఇస్తారు. పోయేటప్పుడు ఎంత, వచ్చేటప్పుడు ఎంత అని రాసుకుంటున్న ఆ కుర్రవాణ్ణి చూస్తే నా పాత కాటా గది గుర్తొచ్చింది. అడుగున అద్దం ఉన్న పడవలో మిత్రుడు బోర్లా వంగి, ముఖం అద్దానికి దాదాపు ఆనించి చూశారు. ఏం కనబడుతోందని అడిగాను. "నీలంగా ఒకటి పోయింది. చేపే అయ్యుంటుంది. నువ్వు మాట్లాడాకు, ఇంకొకటి వస్తా ఉంది" అన్నారు.