పొత్తిళ్ళు ఎవరు ఉతికారు?

పసిబిడ్డకి ఉచ్చా దొడ్డీ అలవాటు చేసే పనికి కూడా ఒక చరిత్ర ఉందంటే మొదట నవ్వొస్తుంది. డాక్టర్ల పుస్తకాల్లో అది శరీర ఎదుగుదలకి సంబంధించిన విషయం. ఇళ్ళల్లో అమ్మమ్మల పని. కానీ గత నూటముప్ఫై ఏళ్ళలో ఈ ఒక్క విషయం మీద తల్లులకి అందిన సలహాలని వరసగా పెట్టుకుని చదివితే, బిడ్డ ఒళ్ళు మారలేదు గానీ బిడ్డ ‘సిద్ధంగా’ ఉండే వయసు మాత్రం మూడో నెల నుంచి మూడో ఏటిదాకా జరిగిపోయిందని తెలుస్తుంది. ఆ జరగడం వెనక ఉన్నది చాకలి పని. అంటే, తడిసిన గుడ్డ ఎవరు ఉతకాలన్న ప్రశ్న.

సలహాలు పుస్తకాలుగా ఎక్కువగా అచ్చయింది అమెరికాలో కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. 1894లో న్యూయార్క్ డాక్టర్ ఎమ్మెట్ హోల్ట్ తల్లులకీ ఆయాలకీ ప్రశ్నలు, జవాబుల రూపంలో ఒక పుస్తకం రాశాడు. నెలల బిడ్డనే చిన్న కుండ మీద కూచోబెట్టి అలవాటు చెయ్యొచ్చన్నాడు. 1914లో ఆ దేశపు ప్రభుత్వ శాఖ చిల్డ్రన్స్ బ్యూరో ‘ఇన్‌ఫెంట్ కేర్’ అనే చిన్న పుస్తకం వేసింది. రాసినామె అయిదుగురు పిల్లల తల్లి, వితంతువు. పుస్తకం మీద ఆమె పేరు ‘మిసెస్ మాక్స్ వెస్ట్’. తల్లులకి అనుభవంతో చెప్పగలిగిన మనిషి చనిపోయిన భర్త పేరుతో చెప్పాల్సొచ్చింది. ఆమె అసలు పేరు మేరీ మిల్స్ వెస్ట్.

ఆ పుస్తకంలో నాకు నచ్చింది దాని నిజాయితీ. మూడో నెలకే ఎందుకు మొదలుపెట్టాలంటే, గుడ్డల అవసరం వీలైనంత తొందరగా తప్పించుకోవడానికని సూటిగా చెప్పింది. బిడ్డ శీలం కోసమనో మేధస్సు కోసమనో అనలేదు. నీళ్ళు మోసుకొచ్చి, పొయ్యి మీద కాచి, చేత్తో రుద్ది ఉతికే ఆడవాళ్ళకి ఆ కారణం చాలు. తర్వాతి కూర్పుల్లో ఈ నిజాయితీ మిగల్లేదు. 1920లలో మొదలుపెట్టే వయసు మొదటి నెల చివరికి దిగింది. రోజూ అదే సమయానికి, అయిదు నిమిషాలు కూడా తేడా రాకుండా అనేదాకా పోయింది. న్యూజీలాండ్‌లో 1907లో ప్లంకెట్ సొసైటీ స్థాపించిన ట్రూబీ కింగ్ కూడా పాలకీ నిద్రకీ దొడ్డికీ గడియారమే ప్రమాణమన్నవాడే. ఫ్యాక్టరీ సైరన్ ఉయ్యాల దాకా వచ్చిన కాలం అది. బ్యూరోకి తల్లులు రాసిన ఉత్తరాలని 1986లో మాలీ లాడ్-టేలర్ సంకలనం చేసింది. సలహాలిచ్చే శాఖ ఎవరి ఇళ్ళని ఊహించుకుందో, ఉత్తరాలు రాసిన ఆడవాళ్ళు ఎలాంటి ఇళ్ళలో ఉన్నారో పక్కపక్కన పెట్టి చూడటానికి అంతకన్నా మంచి పుస్తకం లేదు.

ఇక నింద మొదలైంది. పద్ధతిగా ఉండటం, పొదుపు, మొండితనం అనే మూడు గుణాల్నీ బాల్యంలోని దొడ్డి అలవాటుతో కలుపుతూ ఫ్రాయిడ్ 1908లో ఒక వ్యాసం రాశాడు. అది చేతులు మారి ఎక్కడికి చేరిందంటే, రెండో ప్రపంచ యుద్ధకాలంలో జెఫ్రీ గోరర్ అనే మానవశాస్త్రవేత్త జపాన్‌లో క్షేత్రపరిశోధన లేకుండానే, జపాన్ సైనికుల క్రూరత్వానికి మూలం వాళ్ళ తల్లుల కఠినమైన దొడ్డి శిక్షణలో ఉందని 1943లో అచ్చులో వాదించాడు. సామ్రాజ్యవాదం, చమురు, సైనిక పాలన అన్నీ పక్కకి పోయి, కుండ మీద బిడ్డని కూచోబెట్టిన ఆడమనిషి ముద్దాయి అయింది.

ఇది పాతకాలపు వింత అనుకోనక్కర్లేదు. తూర్పు జర్మనీలో ఎక్కువమంది తల్లులు ఉద్యోగాలు చేసేవాళ్ళు. శిశుశాలల్లో పిల్లల్ని పొడుగాటి బల్లకి వరసగా అమర్చిన కుండల మీద ఒకేసారి కూచోబెట్టేవాళ్ళు. గోడ కూలిన పదేళ్ళకి, 1999లో, పశ్చిమ జర్మనీకి చెందిన నేరశాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ ఫైఫర్ తూర్పున పెరిగిన జాతివిద్వేషపు హింసకి ఆ సామూహిక పెంపకంతో ముడిపెట్టాడు. ‘కుండ సిద్ధాంతం’ అని పేరు పడిన ఆ వాదన మీద పెద్ద గొడవే జరిగింది. రాత్రికి రాత్రి ఉద్యోగాలు పోయిన సంగతి కన్నా, తల్లులు ఉద్యోగాలకి వెళ్ళిన సంగతే కారణంగా కనిపించడం గమనించాలి.

మళ్ళీ అమెరికాకి వస్తే, 1946లో స్పాక్ పుస్తకం బిడ్డనే దారి చూపనివ్వమంది. అదే కాలంలో మారియన్ డోనవన్ అనే తల్లి స్నానాలగది తెర కత్తిరించి, తడి బయటికి రాని తొడుగు కుట్టింది. 1961లో పియోరియా ఊళ్ళో వాడి పారేసే పాంపర్స్‌ని అమ్మి చూశారు. 1962లో డాక్టర్ బ్రేజల్టన్ తను చూసిన 1,170 మంది పిల్లల వివరాలతో, పద్ధెనిమిది నెలలు దాటాక, బిడ్డ ఆసక్తి చూపాకే మొదలుపెట్టమన్నాడు. ఆ పిల్లలకి పగటిపూట అలవాటైన సగటు వయసు 28.5 నెలలు. డైపర్ కోసమే ఆయన అలా రాశాడని నేననను. ఆ సలహాలో పిల్లల పట్ల నిజమైన దయ ఉంది. కానీ గుడ్డ ఉతకాల్సిన పని పోయాకే ఆ దయ సాధ్యమైంది. 1990ల చివర ఆయన పాంపర్స్ వ్యాపార ప్రకటనలో కూడా కనిపించాడు.

మన దగ్గర ఇదంతా పుస్తకాలకెక్కలేదు. మా అమ్మమ్మ కాళ్ళు బారజాపుకుని, పాదాల మధ్య బిడ్డని కూచోబెట్టుకుని ‘ష్ష్...’ అనేది. రెండు మూడు నెలల బిడ్డ ఆ చప్పుడుకి పోసేవాడు. తెలుగులో ‘ఉచ్చ పోయించడం’ అంటాం. ఆ క్రియలో చేసే పని పెద్దవాళ్ళది. బిడ్డ నేర్చుకోవడం, ఓడిపోవడం అనేవి అందులో లేవు. కెన్యాలోని డీగో ప్రజలు తొలి వారాల్లోనే మొదలుపెట్టి, అయిదారు నెలలకల్లా రాత్రీ పగలూ పొడిగా ఉంచుతారని 1977లో డీవ్రీస్ దంపతులు రాసినప్పుడు అక్కడి వైద్యులకది కొత్త సంగతి. మన అమ్మమ్మలు ఆశ్చర్యపోయి ఉండేవాళ్ళు కాదు.

అయితే ‘చూశారా, మన పెద్దవాళ్ళకి అన్నీ తెలుసు’ అనే గర్వం మీద నాకు నమ్మకం లేదు. ఆ పద్ధతికి రోజంతా బిడ్డ ముఖం కనిపెట్టుకుని కూచునే ఒక ఆడమనిషి కావాలి. కూలికి పోయే తల్లికి ఆ తీరిక ఎక్కడిది? ఆ బిడ్డ చెట్టుకి కట్టిన చీర ఉయ్యాలలో ఉంటుంది. ‘పోయించేది’ ఎనిమిదేళ్ళ అక్క. ఆ అక్క బడికి పోని కారణాల్లో ఇదీ ఒకటి.

ఇక ఉతకడం. నేను సాహిత్యం చదువుకున్నదాన్ని. సాహిత్యంలో పొత్తిళ్ళు ఎప్పుడూ పొడిగానే ఉంటాయి. నేను చదివిన జోలపాటల్లో చందమామా బంగారు ఉయ్యాలా ఉన్నాయి గానీ ఉచ్చగుడ్డ లేదు. పురిటి గుడ్డలూ మైలగుడ్డలూ చాకలి స్త్రీ రేవుకి మోసింది. తెలంగాణలో దొరల గడీల బట్టలు వెట్టిగా ఉతికిన చరిత్ర మనకి తెలుసు. 1946-51 సాయుధ పోరాటంలోని స్త్రీల మాటలని ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లోనే వినిపించింది. కానీ వెట్టి జాబితాల్లో ‘బట్టలు’ అన్న ఒక్క మాట కిందే పసిపిల్లల గుడ్డలు కూడా ఉండిపోయాయి. ఇళ్ళలోని మలం ఎత్తిన పాకీ పనివాళ్ళ గురించి గీతా రామస్వామి 2005లో పుస్తకం రాసింది. మన ‘సంప్రదాయ పెంపకం’ ఆ రెండు కులాల చేతుల మీద నిలబడింది.

కాబట్టి డైపర్ వాడే తల్లిని తప్పుపట్టే వ్యాసం కాదిది. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. యాభైమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసేచోట శిశుశాల ఉండాలని చట్టం చెప్పింది. చట్టం వర్తించే ఉద్యోగం ఉన్నవాళ్ళు కొద్దిమందే. ఆ కొద్దిమందిలో కూడా, ఆరునెలలు నిండగానే ఆఫీసుకెళ్ళే ఆమెకి డైపర్ కొన్ని గంటల నిద్ర. రెండున్నరేళ్ళకి ప్లే స్కూల్ ‘పాటీ అలవాటైందా?’ అని అడిగినప్పుడు జవాబు చెప్పాల్సింది మళ్ళీ ఆమే. బిడ్డ తండ్రిని అలా అడగడం నేను వినలేదు.

వాడిన డైపర్లని విడిగా చుట్టి ఇవ్వాలని, చుట్టే సంచులు కంపెనీలే సమకూర్చాలని 2016 ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పాయి. మా అపార్ట్‌మెంటులో చెత్త తీసుకెళ్ళే ఆమెని అడిగితే, అలాంటి సంచి ఎప్పుడూ చూడలేదంది. అన్నీ కలిసే వస్తాయట, చేత్తోనే వేరుచేస్తుందట. ఆమె ఇంట్లో ఏడాది మనవడున్నాడు. వాడికేం వాడతారన్నాను.

‘‘పాత చీర ముక్కలేనమ్మా. పొద్దుగాల నేనే పిండి ఆరేసొస్త.’’