సీ డ్రైవ్ పేరు మారితే ఫొటోలు పోయినట్టేనా?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి చూస్తున్నవాళ్లకు ముందుగా ఒక ప్రశ్న. 2016 అక్టోబర్ 11, దసరా రోజు, మన దగ్గర ఏం జరిగింది?

పాత నల్గొండ జిల్లా మూడు జిల్లాలైంది. సూర్యాపేట, కోదాడ కొత్త సూర్యాపేట జిల్లాలోకి వచ్చినయ్. మిర్యాలగూడ నల్గొండలోనే ఉంది. ఒక్క ఇల్లు కూడా కదల్లేదు, కానీ అడ్రస్‌లో జిల్లా పేరు మారింది. కోదాడలో పాత కాగితాలు తీసి చూడండి, నల్గొండ జిల్లా అనే ఉంటది. కంప్యూటర్‌లో కూడా సరిగ్గా ఇదే సమస్య వస్తుంది. ఇవాళ ఆ కథే చెప్తా.

మా ఇంట్లో విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఉండేది. హార్డ్ డిస్క్ సౌండ్ చేస్తోందని కొత్తది తెచ్చి, పాతదాంట్లో ఉన్నదంతా దాంట్లోకి కాపీ చేసినం. రెండూ తగిలించే ఉంచినం. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒకరోజు పాతది పూర్తిగా పోయింది. అప్పట్నుంచి యూజర్ పేరు మీద నొక్కితే లోపలికి పోయినట్టే పోయి, వెంటనే లాగాఫ్ అయ్యేది. రిపేర్‌కి ఇస్తే ఒకటే మాట: "ఫార్మాట్ కొట్టాలి." అందులో అక్క పెళ్లి ఫొటోలున్నయ్. వేరే ఎక్కడా లేవు.

అసలేమైందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1974లో అమెరికాలో గ్యారీ కిల్డాల్ అనే ప్రోగ్రామర్ సీపీ/ఎమ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశాడు. అందులో డిస్క్‌లకి ఏ, బీ అని అక్షరాలే పేర్లు. 1981లో ఐబీఎమ్ పీసీతో పాటు వచ్చిన డాస్ కూడా అదే పద్ధతి తీసుకుంది. ఏ, బీ రెండూ ఫ్లాపీలకి పోయినయ్. 1983లో ఐబీఎమ్ పీసీ ఎక్స్‌టీ 10 ఎంబీ హార్డ్ డిస్క్‌తో వచ్చింది. దానికి మిగిలిన అక్షరం సీ. ఇవాళ ఫ్లాపీ చాలామంది చూసి కూడా ఉండరు, కానీ సీ మాత్రం అట్లనే ఉండిపోయింది. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఈ గొడవే లేదు, ఎందుకంటే దాని కింద ఉన్న లినక్స్‌లో డ్రైవ్ అక్షరాలే ఉండవు.

డాస్‌లో ఆన్ చేసిన ప్రతిసారీ అక్షరాలు మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టేది. ఇంకో డిస్క్ పెడితే డీ అనేది ఈ కొసరు ఆ కొసకి పోయేది. విండోస్ 2000 నుంచి ఏ డిస్క్‌కి ఏ అక్షరమో రెజిస్ట్రీలో మౌంటెడ్‌డివైసెస్ అనే చోట రాసిపెట్టుకోవడం మొదలైంది. మా ఇంట్లో దెబ్బ తగిలింది అక్కడే. రెండు డిస్క్‌లు కలిసి ఉన్నప్పుడు పాతదానికి సీ, కొత్తదానికి డీ అని రాసుకుంది. లాగిన్ కాగానే విండోస్ పిలిచే యూజర్‌ఇనిట్ ఫైల్ అడ్రస్ మాత్రం సీ డ్రైవ్ అనే ఉంది. పాత డిస్క్ పోయాక సీ అనేదే లేదు. ఫైల్ డీలో భద్రంగా ఉంది, వెతికేది సీలో!

ఏం చేసినం? ఆ డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌కి తగిలించినం. ఫొటోలన్నీ కనిపించినయ్. ముందు వాటిని కాపీ చేసుకున్నం. తర్వాత రెజ్‌ఎడిట్ తెరిచి, డిస్క్‌లోని విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, కాన్ఫిగ్ కింద ఉండే సిస్టమ్ అనే ఫైల్‌ని లోడ్ హైవ్‌తో తెచ్చి, ముందే దాని కాపీ పక్కన పెట్టి, మౌంటెడ్‌డివైసెస్‌లోకి పోయినం. సీ అని ఉన్న ఎంట్రీ పేరును వాడని అక్షరం జెడ్‌గా, డీ అని ఉన్నదాన్ని సీగా మార్చినం. అన్‌లోడ్ చేసి, డిస్క్ వెనక్కి పెడితే డెస్క్‌టాప్ వచ్చేసింది.

రెండు జాగ్రత్తలు. ఒకటి, విండోస్ మొదట్నుంచే డీలో ఇన్‌స్టాల్ అయి బాగా నడుస్తుంటే పేరు మార్చకండి. లోపల వేల అడ్రస్‌లు డీ అనే ఉంటయ్, మారిస్తే మీరే చెడగొట్టినట్టు. రెండు, ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసినప్పుడు ఎక్స్ అని, మీ విండోస్ డీ అని కనిపిస్తే భయపడకండి. అది అప్పటిమటుకు పెట్టుకున్న పేరు.

జిల్లా పేరు మారిందని కోదాడలో ఎవరూ ఇల్లు కూలగొట్టుకోలేదు కదా. ఎవరైనా వెంటనే ఫార్మాట్ అంటే, "ముందు డిస్క్ ఇంకో కంప్యూటర్‌కి తగిలించి చూద్దాం అన్నా" అని అడగండి. మీ ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే, అది బాగున్నప్పుడే ఇవాళ ఫొటోలు కాపీ చేసుకోండి. మళ్లీ కలుద్దాం.