చోప్డా చోటున చిన్న ల్యాప్‌టాపు

సూరత్తు నగరమున సహారా దర్వాజా మొదలుకొని మజూరా గేటు వరకు సాగిన రింగ్ రోడ్డునకు ఇరుప్రక్కల నిలిచిన బహుళాంతస్తుల వస్త్ర విపణులలో, నేలపై పరచిన తెల్లని గద్దీమీద కూర్చుండి వేలకొలది చీరలకు చేతిస్పర్శతోనే విలువకట్టు వ్యాపారులకు, ఒక వస్తువు తేలికయై, చవుకయై, దినదినము వాడుకకు తాళునదై యుండవలెనన్న కోరిక క్రొత్తది కాదు. తెలుగు నాట పొలమునకును సంతకును పోవు స్త్రీలు నిత్యము కట్టుకొను సింథటిక్ చీరలలో పెక్కు ఈ మూడు గుణముల బలముననే ఇచ్చట మూటలు కట్టబడి లారీల కెక్కుచున్నవి. అట్టి బజారులో, అవే మూడు గుణములను వాగ్దానము చేయుచు వచ్చిన చిన్న ల్యాప్‌టాపు ఏ పరీక్షకు నిలిచినదో, ఎచ్చట తప్పినదో చూచుట ఆ యంత్రపు నలువది యేండ్ల చరిత్రను చదువుటకు మంచి మార్గమని నా నమ్మకము. చీరలో దారము తగ్గించినచో బరువును ధరయు తగ్గును. కాని ఎంత తగ్గించినను గుడ్డ నిలుచునో, ఎంత తగ్గించిన పిగులునో నేతగానికి తెలియవలెను. చిన్న ల్యాప్‌టాపు చరిత్ర యంతయు ఇట్లే, ఏమి తీసివేయవచ్చును, ఏమి తీసివేయరాదు అను తర్కము చుట్టునే తిరిగినది.

చంకను పెట్టుకొని పోదగిన కంప్యూటరు యొక్క ఊహ, దానిని నిర్మింపగల సాధనములకన్న ముందే పుట్టినది. అమెరికాలో అలన్ కే యను శాస్త్రజ్ఞుడు 1972లో డైనాబుక్ అను పేరిట, పిల్లవాడు పుస్తకమువలె వెంట తీసికొనిపోగల యంత్రమును కాగితముపై వర్ణించెను. ఆనాటికి దానిని చేయుట ఎవ్వరి తరమును కాదు. 1981లో విపణికి వచ్చిన ఆస్‌బర్న్-1 పేరునకు సంచార యంత్రమే గాని, పదునొకండు కిలోల బరువును, ఐదంగుళముల గాజు తెరయు, 1795 డాలర్ల వెలయు గల ఆ పెట్టెను మోయువాడు దానిని ఒక చేతినుండి మరియొక చేతికి మార్చుకొనుచునే నడువవలసి వచ్చెను. పైగా గోడకు తగిలింపక అది పనిచేయదు. మరుసటి యేట వచ్చిన గ్రిడ్ కంపాస్ పుస్తకమువలె మడచుకొను రూపమును లోకమునకు పరిచయము చేసినది, కాని ఎనిమిది వేల డాలర్లు దాటిన దాని ధరను సర్కారు శాఖలును మహా సంస్థలును మాత్రమే భరింపగలిగినవి.

ఈ వ్యాసమునకు నిజమైన మూలపురుషుడు 1983లో టాండీ వారు అమ్మిన టీఆర్ఎస్-80 మోడల్ 100 అని నేను తలంతును. జపానులో క్యోసెరా సంస్థ తయారుచేసిన ఆ పలకకు మడత లేదు, లోపల తిరుగు చక్రము లేదు, రంగు లేదు. నలుబది అక్షరముల వెడల్పున ఎనిమిది పంక్తులు మాత్రము చూపు తెర యుండెను. అయినను దాని మీటలు పూర్తి పరిమాణముగలవి. ఏ కిరాణా కొట్టులోనైనను దొరకు నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో అది సుమారు ఇరువది గంటలు పనిచేసెను, టెలిఫోను తీగ ద్వారా వ్రాతను పంపు మోడెమ్ దాని పొట్టలోనే యుండెను, బరువు కిలోన్నర లోపలనే. దాని మూల కార్యక్రమముల రచనలో బిల్ గేట్స్ స్వయముగా పాలుగొనెను. పత్రికా విలేఖరులు దీనిని చేపట్టి, క్రీడామైదానములనుండియు హోటలు గదులనుండియు వార్తలు పంపుచు, పిమ్మట ఎంతో శక్తిమంతములైన యంత్రములు వచ్చిన తరువాతను చాలకాలము విడువలేదు. ఏది వదలుకొనవలెనో, ఏది పట్టుకొనవలెనో దాని నిర్మాతలకు తెలిసినంత స్పష్టముగా తరువాతి వారిలో పెక్కండ్రకు తెలియదనుట అతిశయోక్తి కాదు.

తొంబదవ దశకమున కథ తారుమారైనది. తేలికతనము విలాసమైనది, చవుకయైనది బరువెక్కినది. చిన్న డిస్కు, పలుచని తెర, కుదించిన బ్యాటరీ ఇవన్నియు ప్రత్యేకముగా చేయింపవలసిన భాగములగుటచేత, యంత్రము ఎంత కుంచించుకొనిన ధర అంత పెరుగుట సహజమయ్యెను. 1996లో తోషిబావారు జపానులో విడుదల చేసిన లిబ్రెటో 840 గ్రాములు మాత్రమే తూగి చూపరులను ఆశ్చర్యచకితులను జేసినది గాని, దానిని కొన్నవాడు సామాన్యుడు కాడు.

ఆ ముడి విప్పవలెనను పట్టుదల పేద దేశముల అవసరమునుండి పుట్టినది. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన అధ్యాపకులు కొందరు, ఎన్‌కోర్ అను సంస్థ వారితో కూడి 2001లో చూపిన సింప్యూటర్, మీటలు లేక పుల్లతో తాకి నడుపు చేతి యంత్రము. చదువురాని వానికి భారతీయ భాషలలో చదివి వినిపించు సదుద్దేశము కలది. కాని అనుకొన్నంత చవుకగా రాలేదు, అనుకొన్నంత అమ్ముడుపోలేదు. 2005 జనవరిలో దావోస్ సభలో అమెరికా సాంకేతిక శాస్త్రజ్ఞుడు నికొలస్ నెగ్రొపాంటే నూరు డాలర్ల ల్యాప్‌టాపును ప్రతి పిల్లవానికి ఇత్తునని ప్రకటించెను. 2007లో అది ఎక్స్‌ఓ అను నామముతో వచ్చునప్పటికి ధర నూటఎనుబది డాలర్లు దాటెను, మన కేంద్ర విద్యాశాఖ అప్పటికే దానిని తిరస్కరించి యుండెను. ఐనను మేరీ లూ జెప్సెన్ రూపొందించిన దాని తెర మండుటెండలోను చదువదగినది, దానిలో ఫంకా లేదు, కదలు భాగము లేదు. పథకము విఫలమైన చోటను ఆ యంత్రము మంచిదే.

దానివలన వచ్చిన నిజమైన ఫలితము మాత్రము అన్యులకు దక్కినది. బీద పిల్లల కొరకు చవుక యంత్రము సాధ్యమైనపుడు ధనిక దేశముల పెద్దలకు మాత్రమేల కాదని తైవాను సంస్థలకు తోచినది. అసుస్‌వారు 199 డాలర్ల ఆశ చూపి, 2007 శరత్తులో ఈఈఈ పీసీ 701ను అమెరికా విపణిలో 399 డాలర్లకు అమ్మిరి. ఏడంగుళముల తెర, నాలుగు గిగాబైట్ల స్థిర స్మృతి, 512 మెగాబైట్ల ర్యామ్, లైనక్స్, తొమ్మిది వందల గ్రాములపై కొంచెము బరువు, ఇదియే దాని జాతకము. తిరుగు డిస్కునకు బదులు కెమెరాలలోని ఫ్లాష్ స్మృతిని వాడుట ఇందలి కిటుకు: పరిమాణము తక్కువైనచో అది డిస్కుకన్న చవుక, తేలిక, క్రిందపడినను భయము లేదు. కాని 800కు 480 చుక్కల తెరపై, కిటికీ అడుగుననుండు ‘సరే’ యను బొత్తాము తెర దిగువకు జారి కంటబడకుండుట నిత్యానుభవమయ్యెను. బొత్తాము కానరానిదే పని ముగియదు గదా! 2008లో ఇంటెల్‌వారి ఆటమ్ ప్రాసెసర్ వచ్చి, రెండున్నర వాట్ల ఉష్ణముతోనే పని నడిపినపిదప, ఏసర్, ఎమ్‌ఎస్‌ఐ, హెచ్‌పీ, డెల్ అందరును ఇదే బాటపట్టిరి. వీనికే నెట్‌బుక్ అను పేరు స్థిరపడినది.

నెట్‌బుక్ ఎట్లు క్షీణించెనను ప్రశ్నకు ఆపిల్ వారి ఐప్యాడ్ పలక పేరు చెప్పి ఊరకుండుట వాడుక. 2010లో వచ్చిన ఐప్యాడ్ దెబ్బ నిజమే. కాని అంతకు మునుపే నెట్‌బుక్ వృద్ధికి కంచె వేయబడినది. విశ్రాంతి పొందవలసిన విండోస్ ఎక్స్‌పీని ఈ చిన్న యంత్రముల కొరకే చవుకగా కొనసాగించిన మైక్రోసాఫ్ట్ వారు, ఆ చవుక అనుమతి ఇంత తెరకు, ఇంత స్మృతికి మాత్రమే యని హద్దులు గీసిరి. 2009లో వచ్చిన విండోస్ 7 స్టార్టర్‌లో తెరవెనుక చిత్రమును మార్చుకొను స్వాతంత్ర్యము సైతము లేదు. పెద్ద ల్యాప్‌టాపుల అమ్మకము చెడకుండుటకై చిన్నదానిని చిన్నగానే యుంచిరన్న విమర్శ అప్పుడే వినవచ్చెను, అది అన్యాయమైన విమర్శ కాదు. 2013 వచ్చుసరికి అసుస్, ఏసర్ సంస్థలు నెట్‌బుక్కులకు స్వస్తి చెప్పెను.

మన వైపునకు వత్తము. 2011 అక్టోబరు 5వ తేదీన కేంద్ర మంత్రి కపిల్ సిబల్ విడుదల చేసిన ఆకాశ్ అను చవుక పలక కంప్యూటరు తొలి ప్రతులు హైదరాబాదునందే కూర్పబడినవి. వ్రేలితో గట్టిగా నొక్కినగాని స్పందింపని తెర, అల్పాయుష్కమైన బ్యాటరీ దానిని అపహాస్యము పాలుచేసినవి. అయిదేండ్లకు, 2016లో, హైదరాబాదుకే చెందిన ఆర్‌డీపీ సంస్థ థిన్‌బుక్ అను పదునాలుగంగుళముల ల్యాప్‌టాపును 9,999 రూపాయలకు ప్రకటించెను. ఆటమ్ ప్రాసెసర్, రెండు గిగాబైట్ల ర్యామ్, 32 గిగాబైట్ల స్మృతి, విండోస్ 10. ఐబాల్ వారి కాంప్‌బుక్కు కూడ ఆ యేడే ఆ ధరకే వచ్చినది. ఈ తరగతి యంత్రములన్నిటికి వ్యాధి ఒక్కటే: 32 గిగాబైట్లలో పెద్ద భాగమును విండోసే ఆక్రమించుకొనగా, పెద్ద అప్‌డేట్ వచ్చినపుడెల్ల చోటు చాలక యజమాని తన దస్త్రములను పెన్‌డ్రైవునకు తరలించి యంత్రమునకు దారి ఇయ్యవలసి యుండును. ర్యామ్ బోర్డునకే అతుకబడియుండుటచే పెంచుకొను అవకాశమును లేదు.

రింగ్ రోడ్డు వర్తకుడు ఇంతవరకు ఈ కథలో ప్రేక్షకుడే. ఎఱ్ఱ గుడ్డ అట్టల చోప్డాలో లెక్క వ్రాసి, దీపావళికి దానికి పూజ చేయు సంప్రదాయము అతనిది. 1986లో బెంగుళూరున పుట్టిన టాలీ అను లెక్కల సాఫ్ట్‌వేరు కొందరి దుకాణములలోనికి వచ్చినను, అది మూలనున్న బల్లపై కంప్యూటరునందు మునీము అను గుమాస్తా చేతిలో నుండెను. వస్త్రముపై పన్ను లేని దినములలో అంతకన్న అక్కరలేదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి వస్త్రముపై 5 శాతము పడినపుడు, సూరత్తు వర్తకులు రెండు వారములకు పైగా అంగళ్లు మూసి నిరసించిరి. పన్ను మొత్తముకన్న, పన్ను వెంట వచ్చు వ్రాతకోతలే వారిని ఎక్కువగా కలతపెట్టినవని నా అభిప్రాయము. 2018 ఏప్రిల్ 15న రాష్ట్రములోపలి సరకు రవాణాకు సైతము ఆన్‌లైనున తీయవలసిన ఈ-వే బిల్లు అనివార్యమైన ఐదు రాష్ట్రములలో గుజరాతుతోపాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములును ఉండుట కాకతాళీయమే గాని, సూరత్తులో మూట కట్టువానికిని మన ఊళ్లలో మూట విప్పువానికిని ఒకే దినమున ఒకే చిక్కు ఎదురైనది.

ఈ చిక్కు కొందరికి జీవనోపాధి యైనది. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి మరమగ్గముల పనికి వలసపోయిన పద్మశాలి కుటుంబములు సూరత్తున లింబాయత్ మొదలగు పేటలలో తరములుగా నున్నవి. వారి పిల్లలకొరకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలను సైతము నడుపుచున్నది. అట్టి యొక మగ్గపు కార్మికుని కుమారుడు, లెక్కలు నేర్చి, ఉదయమొక దుకాణమునను మధ్యాహ్నమొక దుకాణమునను ఖాతాలు వ్రాయుచు, సంచిలో పదకొండంగుళముల చిన్న ల్యాప్‌టాపుతో ఒక విపణి మూడవ అంతస్తున నాకు కనబడెను. గద్దీపై బాసిపట్టు వేసి కూర్చుండి, తొడపై యంత్రము నుంచుకొని, వస్త్రపు సంకేతసంఖ్య 5407 కొట్టి, బిల్లు మొత్తము వేసి, లారీ సంఖ్య నెక్కించుచుండగా, ఆ చిన్న యంత్రమునకు తీగతో తగిలించిన వేరొక అంకెల మీటల పలక అతని మోకాలిచెంత నుండెను. అదేల యని అడిగితిని.

“గీంట్ల నంబర్ ప్యాడ్ ఉండది సార్. అది లేకుంటె మా పని నడ్వది,” అనెను.

ప్రపంచమందలి చిన్న ల్యాప్‌టాపుల రూపకర్తలందరు మొట్టమొదట తీసివేయునది, కుడిప్రక్క నుండు ఆ పదునేడు మీటల వరుసలనే. ఉత్తరములు వ్రాయువానికి, పాఠములు చదువుకొను విద్యార్థికి దాని లోపము తెలియనే తెలియదు. దినమంతయు అంకెలతో బ్రదుకువానికి అదియే కుడిచేయి. మరియొక ప్రక్క, ఇతరులకు పట్టింపు లేని ఒక గుణము ఈ బజారులో అమూల్యమైనది. తరువాతి తరపు ఆటమ్ జాతి చిన్న యంత్రములలో పెక్కింటికి ఫంకా యుండదు. వేడి తక్కువ గనుక లోహపు రేకు ద్వారానే బయటపడును. గుడ్డలు విప్పుచు మడచుచు నుండు దుకాణమున గాలిలో నిత్యము తేలు నూగు, సామాన్య ల్యాప్‌టాపు ఫంకాలో చొరబడి, కొన్ని నెలలకే దట్టమైన దూదిరేకువలె పేరుకొని, యంత్రమును కాల్చివేయునంత వేడిచేయును. ఆ బాధ చిన్నదానికి లేదు. సంచిలో బరువుండదు, ఎచ్చట కూర్చున్నను ఛార్జరు వెదకనక్కరలేదు, ధూళికి భయము లేదు. అంకెల పలక ఒక్కటి వేరుగా కొనుక్కొనవలెను, అంతే.

2023 జూలైలో రిలయన్స్ వారు 16,499 రూపాయలకు ప్రకటించిన జియోబుక్, 990 గ్రాముల బరువుతో, సిమ్ కార్డు లోపలనే గలిగి, పైకి చూచుటకు ఈ ఉద్యోగమునకే పుట్టినట్లుండును. కాని దానిలో విండోస్ లేదు, విండోస్ లేని చోట టాలీ నేరుగా నడువదు. కనుక రింగ్ రోడ్డు లెక్కగానికి అది పిల్లల చదువునకు తగిన వస్తువే. ఇందువలననే మజూరా గేటు వైపు కంప్యూటరు అంగళ్లలో, క్రొత్త చవుక యంత్రములకన్న, పెద్ద కంపెనీలు మూడునాలుగేండ్లు వాడి విడిచిన పన్నెండంగుళముల వ్యాపార శ్రేణి ల్యాప్‌టాపులకు బేరము హెచ్చుగా నున్నది. ర్యామ్ మార్చుకొనవచ్చును, బ్యాటరీ మార్చుకొనవచ్చును, మీటలు గట్టివి. ఫంకా మాత్రము ఉన్నది, నాలుగు మరలు విప్పి ఆరు నెలల కొకసారి నూగు దులుపుకొనవలసియున్నది. ఆ యువకుడును అట్టిదే ఒకటి చూచి పెట్టుకొన్నాననెను. సేఠ్ దీపావళి బోనసు ఇచ్చు దినము కొరకు ఆగియున్నాడట. ఆ యేడు చోప్డా పూజలో కుంకుమబొట్టు దేనికి పెట్టవలెనో, పాతదానికా క్రొత్తదానికా యని దుకాణమున అప్పుడే వాదములాడుకొనుచుండిరి.