వన్నె, తూకము, నమ్మకము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు ఊళ్లును మైసూరు సీమ యంచున నున్నవి. 1800లో నిజాము కుంఫిణీవారి కిచ్చిన కడప సీమలో మదనపల్లె చేరియుండెను. పుంగనూరు జమీనును, కుప్పము చేరిన కంగుంది జమీనును ఉత్తర ఆర్కాటులో నుండెడివి. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు ఇవి యన్నియు నొక్కటి యయ్యెను.

దక్షిణదేశమున మైసూరు కంఠీరాయ పణమును, హైదరలీ ముద్రించిన బహదూరీ వరహాయు, చెన్నపట్టణపు నక్షత్ర వరహాయు చెల్లుచుండిన కాలమున, నాణెముల లెక్కించినంత మాత్రమున వెల తెలియదు. వాని యెత్తును వన్నెయు వేర్వేరు. 1818లో చెన్నరాజధానియందు రూపాయి ప్రధాన నాణెమైనప్పుడు నూరు వరహాలకు మున్నూటయేబది రూపాయలుగా నిర్ణయించిరి. ఇట్టి మారకములయందు షరాబు త్రాసును, స్వర్ణకారుని గీటురాయియు జనులకు దిక్కు.

తూకమునకు మన పూర్వులు గురివింద గింజను ఆధారముగా గొనిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున అయిదు గింజలు ఒక మాషము, పదునారు మాషములు ఒక సువర్ణము. వన్నెలును పదునారే. పదారువన్నె బంగార మను మాట మన నోళ్లలో నేటికిని నిలిచియున్నది. వన్నె తెలిసిన కడ్డీతో నొక గీతయు, పరీక్షింపవలసిన నగతో నొక గీతయు రాతిపై ప్రక్కప్రక్కనే గీచి, రంగు పోల్చి వన్నె నిర్ణయింతురు.

పిదప లెక్క. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యులు రచించిన గణితసారసంగ్రహమున బంగారు మిశ్రమముల గణితము గలదు. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెనిగించెను. పద్ధతి సులభము. పదునాలుగు వన్నెల బంగారము రెండు తులములు, పదునొకండు వన్నెలది ఒక తులము కరగించితి మనుకొందము. ఎత్తును వన్నెతో గుణింపగా 28, 11, మొత్తము 39. దానిని మూడు తులములచే భాగింపగా పదుమూడు వన్నెలు. 39ని పదునారింట భాగించిన మేలిమి బంగారము రెండు తులముల మీద పదునారింట ఏడు పాళ్లు. తక్కినది కల్తీ లోహము.

వెండికిని ఇదే న్యాయము. 1835 నాటి రూపాయి 180 గ్రెయినుల యెత్తు; అందు వెండి 165, అనగా పండ్రెండింట పదునొకండు పాళ్లు. తులము ప్రమాణమును 180 గ్రెయినులే. గనినుండి వచ్చిన బంగారమైనను సహజముగా కొంత వెండి కలిసియే యుండును. కుప్పమునకు చేరువనే యున్న కోలారు గనులు 2001లో మూతపడినవి గాని, ఈ పాఠము మూతపడలేదు.

స్వర్ణకారుడు తల్లి నగలోనైనను కొంత తీయు నను నింద మనకు క్రొత్తది గాదు. అంతకన్న గొప్ప దెబ్బ 1963 జనవరిలో తగిలెను. బంగారు నియంత్రణ నిబంధనలు 14 కేరట్లకు మించిన నగలు చేయరాదనెను. వేలకొలది కుటుంబములు పని లేక యల్లాడెను. ఆ కట్టడి 1966లో సడలెను. 1968 నాటి నియంత్రణ చట్టము 1990లో రద్దయ్యెను.

2000లో ఆరంభమైన హాల్‌మార్కు ముద్ర 2021 జూన్ 16 నుండి తొలుత 256 జిల్లాలలో నిర్బంధమయ్యెను. 22 కేరట్లకు 916 అను గుర్తు ఇప్పుడు సామాన్యులకును తెలియును. అది మేలే. కాని అవ్వ పెట్టెలోనుండి తీసి తెచ్చిన పాత కంటెకు ఏ ముద్రయు నుండదు. అక్కడ మన రాయియు, మన మాటయుమాత్రమే సాక్షులు.

కావున సోదరులారా, గీత గీచునప్పుడు నగ తెచ్చినవారి యెదుటనే గీయుదము. రాళ్లయెత్తు, టంకము, తరుగు, మజూరి వేర్వేరుగా చీటిపై వ్రాసి చేతికిత్తము. పైన చూపిన లెక్కను మన పిల్లలకు పనితోపాటు నేర్పుదము. వినియోగదారులగు పోషకులును ఆ చీటిని అడిగి తీసికొనవలెనని మనవి. చీటి యుండినచోట నిందకు తావుండదు.