ఈపీ ఫోర్ట్ నుంచి 2019 చట్టం దాకా: గర్భిణుల మందులు, కంపెనీల బాధ్యత

గర్భిణి మింగిన మందు కడుపులోని బిడ్డకు కీడు చేస్తే తయారీ కంపెనీ నష్టపరిహారం ఇవ్వాలన్న సూత్రం మన చట్టాల్లోకి ఆలస్యంగా వచ్చింది. అంతకుముందు ఉద్యమాల శక్తంతా హానికరమైన మందును అంగళ్ల నుంచి తీయించడానికే ఖర్చయింది. ఈ చరిత్రలో బెంగళూరు మొదట ఔషధ ఉద్యమకారుల ఊరుగా, తర్వాత క్లినికల్ ట్రయల్స్ నగరంగా కనిపిస్తుంది.

ప్రపంచంలో ఈ చర్చకు మూలం థాలిడొమైడ్. పశ్చిమ జర్మనీకి చెందిన గ్రూనెంథాల్ కంపెనీ 1957లో దాన్ని నిద్రమాత్రగా అమ్మకానికి పెట్టింది. వేవిళ్లు తగ్గుతాయని గర్భిణులూ వాడారు. కాళ్లూ చేతులూ ఎదగని బిడ్డలు వేల సంఖ్యలో పుట్టాక, 1961 నవంబరులో కంపెనీ ఆ మాత్రను వెనక్కి తీసుకుంది. 1970లో బాధిత కుటుంబాలతో రాజీ కుదిరింది. కంపెనీ నిర్లక్ష్యాన్ని రుజువు చేయకపోయినా మందు హానికి పరిహారం రాబట్టుకునే చట్టాన్ని 1976లో పశ్చిమ జర్మనీ చేసింది. గర్భంలో ఉండగా జరిగిన హానికి, పుట్టిన తర్వాత బిడ్డే దావా వేయవచ్చని అదే ఏడు బ్రిటన్ చట్టం తెచ్చింది. భారత్ అప్పట్లో ఈ రెండు దారుల్లో దేన్నీ పట్టలేదు.

ఇక్కడ గొడవ ఈపీ ఫోర్ట్ మందులతో మొదలైంది. ఇవి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లను ఎక్కువ మోతాదులో కలిపిన మాత్రలు, ఇంజెక్షన్లు. నెల తప్పిన స్త్రీకి వీటిని ఇస్తే, గర్భం లేనప్పుడు కొద్ది రోజుల్లో బహిష్టు వస్తుంది. రాకపోతే గర్భం ఉన్నట్టు లెక్క. ఇలా ఇవి గర్భ నిర్ధారణ పరీక్షగా చెలామణి అయ్యాయి. మాత్రతో కడుపు పోతుందన్న నమ్మకంతో మందుల షాపులో నేరుగా కొన్నవారూ ఉన్నారు. గర్భం పోలేదు సరికదా, అవయవాలు ఏర్పడే తొలి వారాల్లోనే పిండానికి హార్మోన్లు తగిలాయి. ఇలాంటి పరీక్షలకూ పుట్టుక లోపాలకూ సంబంధం ఉండవచ్చని బ్రిటన్ వైద్యురాలు ఇసబెల్ గాల్ 1967లోనే నేచర్ పత్రికలో రాశారు. అక్కడ ఇలాంటిదే అయిన ప్రిమొడాస్ అనే మాత్ర 1978లో మార్కెట్ నుంచి తప్పుకుంది.

భారత డ్రగ్స్ కంట్రోలర్ 1982లో ఈ మందులను ఆపాలని ఆదేశించారు. కంపెనీలు కలకత్తా, బొంబాయి హైకోర్టులకు వెళ్లి స్టే తెచ్చుకున్నాయి. ప్రజాహితం కోసం ఒక మందు తయారీని, అమ్మకాన్ని నిషేధించే స్పష్టమైన అధికారం కేంద్రానికి ఔషధ చట్టంలోని 26ఏ సెక్షన్ ద్వారా దక్కింది. 1982 సవరణలో చేర్చిన ఆ సెక్షన్ 1983 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. సుప్రీంకోర్టు ఆదేశంతో 1987లో బహిరంగ విచారణలు జరిగాయి. కంపెనీల వైపు నిపుణులు ఒకపక్క, మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు మరోపక్క వాదించారు. 1988 జూన్‌లో నిషేధం గెజిట్‌కెక్కింది.

ఆ రోజుల్లో ఔషధ ఉద్యమానికి బెంగళూరు ఒక ఆలోచనా కేంద్రం. సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో పనిచేసిన రవి నారాయణ్, థెల్మా నారాయణ్ తదితరులు 1984లో ఇక్కడ కమ్యూనిటీ హెల్త్ సెల్ ప్రారంభించారు. ఆరోగ్య కార్యకర్తల బృందం మెడికో ఫ్రెండ్ సర్కిల్ బులెటిన్ 1980ల మధ్యలో ఈ నగరం నుంచే వెలువడింది. డ్రగ్ యాక్షన్ ఫోరం-కర్ణాటక అఖిల భారత ఔషధ ఉద్యమ వేదికలో భాగమైంది. అదే కాలంలో తెలుగునాట పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో తలపెట్టిన నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం మీద హైదరాబాద్ స్త్రీ శక్తి సంఘటన తదితరులు 1986లో సుప్రీంకోర్టుకెక్కారు.

నిషేధం వచ్చినా తల్లులకు పరిహారం రాలేదు. కారణం మొదట రుజువులోనే ఉంది. ఏ మందూ వాడకపోయినా 100 మంది శిశువుల్లో ఇద్దరు ముగ్గురికి పుట్టుక లోపాలుంటాయి. థాలిడొమైడ్ వదిలే గుర్తు ప్రత్యేకం. హార్మోన్ మాత్రలకు అంటగట్టిన లోపాలు రకరకాలు. అందుకే ఆ సంబంధం మీద బ్రిటన్‌లో నేటికీ వివాదం నడుస్తోంది. దానికితోడు సివిల్ దావాకు, అడిగిన సొమ్మును బట్టి కోర్టు ఫీజు కట్టాలి. చీటీ లేకుండా కొన్న మాత్రకు రసీదు దొరకదు. 1986 వినియోగదారుల చట్టం ఖర్చు తగ్గించింది గానీ తయారీదారు బాధ్యతకు విడిగా అధ్యాయం పెట్టలేదు.

కడుపులోని బిడ్డను స్పష్టంగా పేర్కొన్న నిబంధన మందుల ప్రయోగాల వైపు నుంచి వచ్చింది. బయోకాన్ కంపెనీ 2000లో ట్రయల్స్ జరిపే క్లినిజీన్ సంస్థను స్థాపించాక, ఇతర సంస్థలూ రావడంతో బెంగళూరు ట్రయల్స్‌కు ముఖ్య స్థావరమైంది. 2013 జనవరి 30న ఔషధ నియమాల్లో చేరిన 122డీఏబీ నియమం ప్రకారం, తల్లి లేదా తండ్రి ట్రయల్‌లో పాల్గొన్నందువల్ల గర్భస్థ శిశువుకు హాని కలిగితే అదీ పరిహారం ఇవ్వాల్సిన గాయమే. చెల్లించాల్సింది ట్రయల్ స్పాన్సర్. 2019 నాటి కొత్త ఔషధాల నియమాలూ ఈ రక్షణను నిలిపాయి.

అంగట్లో కొన్న మందుకు సంబంధించిన మార్పు 2019 వినియోగదారుల రక్షణ చట్టంతో వచ్చింది. 2020 జులైలో అమల్లోకి వచ్చిన ఈ చట్టం ఆరో అధ్యాయంలో ఉత్పత్తి బాధ్యతకు విడిగా నిబంధనలు పెట్టింది. తయారీలో, రూపకల్పనలో లోపం ఉన్నా, హాని గురించి తగిన హెచ్చరిక ఇవ్వకపోయినా తయారీదారుదే బాధ్యత. మైనరు తరఫున తల్లిదండ్రులు ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీ ఎక్కడున్నా బెంగళూరు నివాసి బెంగళూరులోనే ఫిర్యాదు వేయవచ్చు. కేసు వెళ్లాల్సిన వినియోగదారుల కమిషన్ స్థాయిని అడిగిన పరిహారాన్ని బట్టి కాక, వస్తువుకు చెల్లించిన ధరను బట్టి నిర్ణయిస్తారు కాబట్టి మాత్రల కేసు జిల్లా కమిషన్‌కే వెళుతుంది.

ఈ చట్టంలోనూ కంపెనీకి ఒక మినహాయింపు ఉంది. నిపుణుడి పర్యవేక్షణలోనే వాడాల్సిన వస్తువు విషయంలో, ఆ నిపుణుడికి సహేతుకంగా హెచ్చరిక అందించి ఉంటే, హెచ్చరించలేదన్న ఆరోపణ తయారీదారు మీద నిలవదని 87వ సెక్షన్ చెబుతుంది. గర్భిణులకు రాసే మందుల్లో ఎక్కువ భాగం డాక్టరు చీటీ మీద ఇవ్వాల్సినవే. కాబట్టి కంపెనీ వైద్యుడికి ఏం చెప్పింది, వైద్యుడు తల్లికి ఏం చెప్పాడు అన్న రెండు ప్రశ్నల మీద కేసు ఆధారపడుతుంది. 2013 నియమంలా గర్భంలో జరిగిన హానిని ఈ చట్టం విడిగా ప్రస్తావించదు. అందువల్ల ట్రయల్‌లో చేరిన తల్లి బిడ్డకు నేరుగా రాసి ఉన్న హక్కును, షాపులో మందు కొన్న తల్లి బిడ్డకు సాధారణ నిబంధనల నుంచి వాదించి సాధించుకోవాలి.