జపాను ఖడ్గము: పిడిలోని శాసనము

1945లో జపాను లొంగిపోయిన పిదప బర్మా, మలయాలలోని భారతసైనికుల చేతికి జపాను ఖడ్గములు వచ్చినవి. అట్టిదొకటి అనంతపురపు మెట్టసీమలో ఏ యింటనైన పిత్రార్జితముగా నున్నచో, కరవునాట దానిని అమ్మబోవువారు తొలుత తుప్పు తోమించెదరు. ఇది హేమావతి శాసనమును ఉలితో చెక్కించి నునుపు చేయుట వంటిది.

ఒరను చూచి కాలనిర్ణయము చేయరాదు. 1935 నాటి నమూనా కత్తులు యంత్రనిర్మితములు. అలుగుపై వరుససంఖ్య యుండును. 1938 నమూనా అధికారుల ఖడ్గములలో మాత్రము కొన్నింట పూర్వుల అలుగే కొత్తపిడిని తొడిగికొన్నది. వెదురుచీల తీసి పిడిని ఊడదీసినచో, లోనికి దిగిన ఇనుపభాగముపై కమ్మరిపేరు, ఒక్కొక్కప్పుడు తేదీయు కానవచ్చును. దొంగపేర్లు చెక్కినవియు కలవు గనుక పేరు చూచి మురియరాదు. ఆ చోటి తుప్పురంగే వయస్సునకు ముఖ్యసాక్షి. దానిని తోమినచో సాక్ష్యము పోవును, వెలయు పోవును.

1972 నాటి పురావస్తు చట్టమునకు నూరేండ్లు కావలెను. యుద్ధకాలపు పిడికి ఆ వయస్సు రాలేదు; అలుగునకు ఎన్నడో వచ్చియుండవచ్చును.